ఎదుటి వరుస

కృష్ణస్వామి పోయాడన్న కబురు ఆళ్లగడ్డకు నంద్యాల బస్సులో వచ్చింది. కార్తీకమాసం, పొద్దున పూట. కోవెల అర్చకుడు శింగరాచార్యులు పూలబుట్ట చంకన పెట్టుకునే రామానుజం ఇంటికి వచ్చి గడప బయట నిలబడ్డాడు.

"సామీ, కృష్ణస్వామిగారు పరమపదించినారంట. నంద్యాల ఆసుపత్రిలోనే. మధ్యాన్నానికి తీసకపోతారంట. వచ్చే బస్సుకు నేను పోతాండా. మీరు గూడా వస్తారా?"

రామానుజం అప్పుడు అద్దం ముందు కూర్చుని తిరునామం దిద్దుకుంటున్నాడు. మధ్యన పెట్టే ఎర్ర గీత సగంలో ఆగింది. కాసేపటికి ఆ గీత పూర్తి చేసి, అద్దం బోర్లించి, "నాకు జొరంగా ఉంది. నువ్వు పోయిరా" అన్నాడు.

జ్వరం లేదు. లేదని శింగరాచార్యులకూ తెలుసు. చిన్నవాడు కాబట్టి ఏమీ అనలేక చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.

రామానుజానికి అరవై దాటాయి. బడిలో తెలుగు పండితుడుగా చేసి రిటైరయ్యాడు. భార్య గోదాదేవి పోయి కొన్నేళ్లయింది. పిల్లలు లేరు. ఇంట్లో మాట్లాడే మనిషి లేదే అన్న లోటు ఆయనకు పెద్దగా తెలియలేదు. ఎందుకంటే ఆయన దగ్గర పెద్ద పెద్ద మాటలుండేవి. జీవుడు, దేవుడు, శేషత్వం, శరణాగతి. ఏకాదశి నాడు కోవెల మండపంలో ఆయన ఉపన్యాసం ఉందంటే పక్కవీధి ఆడవాళ్లు కూడా పనులు ముగించుకుని వచ్చి కూర్చునేవాళ్లు. "నేను, నాది అనే రెండు మాటలు వదిలేస్తే చాలు, తక్కినదంతా ఆయనే చూసుకుంటాడు" అని చెయ్యి ఊపి చెబుతుంటే, ఆ రెండూ ఇప్పుడే ఎక్కడో పారేసి వచ్చినవాడిలా కనిపించేవాడు. వాటిని ఇంట్లో భద్రంగా దాచిపెట్టి వచ్చాడని ఊళ్లో అందరికీ తెలుసు. ఆయనకే తెలియదు.

ఇక కృష్ణస్వామి సంగతి. తాలూకాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. పెద్ద గొంతు, పెద్ద పొట్ట, నవ్వితే వీధి చివరికి వినిపించేది. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే గురువు దగ్గర కూర్చున్నారు. అహోబిలం నుంచి వచ్చి ఆళ్లగడ్డలో పిల్లలకు ఆళ్వార్ల పాశురాలు చెప్పిన పెద్దాయన ఆయన. అరవంలో ఉన్న పాశురాలు తెలుగు అక్షరాల్లో రాయించి, నోటికి వచ్చిందాకా మధ్యాహ్నం అన్నానికి లేవనిచ్చేవాడు కాదు.

కోవెలలో ఆ పాశురాలు చెప్పడాన్ని గోష్ఠి అంటారు. స్వామికి అటో వరుస, ఇటో వరుసగా ఎదురెదురుగా కూర్చుంటారు. అందులో అందాదులని కొన్ని ఉన్నాయి. వాటి ముచ్చటే వేరు. ఒక పాశురం ఏ మాటతో ముగుస్తుందో తర్వాతి పాశురం ఆ మాటతోనే ఎత్తుకుంటుంది. ఈ వరుస ఒకటి చెప్పి ఆపుతుంది. ఆ చివరి మాట పట్టుకుని ఆ వరుస తర్వాతిది చెబుతుంది. మళ్లీ ఇటు, మళ్లీ అటు. నూరు పాశురాలూ అట్లా మగ్గం మీద నాడె పోయినట్టు పోతాయి. ఒకప్పుడు ఆళ్లగడ్డ కోవెలలో ఒక్కో వరుసకు పదిమంది దాకా ఉండేవాళ్లు. మండపం మారుమోగేది. ఉద్యోగాలని కొందరు కర్నూలు పోయారు, కొందరు హైదరాబాదు పోయారు, కొందరు పైకే పోయారు. చివరికి దక్షిణం వరుసకు రామానుజం, ఉత్తరం వరుసకు కృష్ణస్వామి మిగిలారు. రెండు పీటలు, ఇద్దరు మనుషులు.

ఆ ఇద్దరికీ పదేళ్లకు పైగా మాటల్లేవు.

కారణం ఉద్ధరిణెడు తీర్థం. గోష్ఠి చివర ముగింపు పాశురాలు చెప్పే శాత్తుమొర అయ్యాక తీర్థం మొదట ఎవరికివ్వాలన్నది వైష్ణవుల్లో చిన్న విషయం కాదు. శింగరాచార్యుల తండ్రి అర్చకత్వం చేసే రోజుల్లో ఆయన కళ్లకు శుక్లాలు ముదిరాయి. ఒక ఏడు ఉత్సవంలో ఆయన చేతికి అందిన చేతిలో తీర్థం పోశాడు. ఆ చెయ్యి కృష్ణస్వామిది. రామానుజం ఆరేడు నెలలు పెద్ద. గురువు దగ్గర ముందు చేరినవాడు. మొదటి తీర్థం ఆయనది. కృష్ణస్వామి చెయ్యి వెనక్కి తీసుకుని ఉండవచ్చు. తీసుకోలేదు. గుటుక్కున తాగి, తడిచేత్తో తల నిమురుకుని, రామానుజం వైపు చూసి నవ్వాడు. ఆ నవ్వు ఉట్టి నవ్వేనేమో, ఎవరికి తెలుసు? రామానుజం తీర్థం పుచ్చుకోకుండా మండపం దిగి వెళ్లిపోయాడు. మళ్లీ ఆ మనిషితో మాట్లాడలేదు. తర్వాత మొదటి తీర్థం ఎప్పుడూ రామానుజానికే ఇచ్చారు. కృష్ణస్వామి తనంతట తనే చెయ్యి వెనక్కి పెట్టుకునేవాడు. అయినా ఈయన మెత్తబడలేదు. ఇంత పంతం మరో పనికి పెట్టి ఉంటే మనిషి ఎక్కడో ఉండేవాడు.

అయినా గోష్ఠి మాత్రం ఆగలేదు. దాన్ని ఆపే ధైర్యం ఇద్దరికీ లేదు. బజారులో ఎదురుపడితే తలలు తిప్పుకునే మనుషులు, కోవెలలో ఒకరి చివరి మాట ఒకరు అందుకుని నూరు పాశురాలూ తప్పు లేకుండా చెప్పేవాళ్లు. చూసినవాళ్లకు ముచ్చటేసేది. వాళ్లిద్దరి మధ్యా మిగిలిన మాటలు అవే.

కృష్ణస్వామి పోయిన పన్నెండో రోజు శింగరాచార్యులు మళ్లీ వచ్చాడు. పదమూడో రోజు గోష్ఠి చెయ్యాలి, పోయినవాడి కోసం పాశురాలు చెప్పాలి, నంద్యాలలో అవి వచ్చినవాళ్లు ఎవరూ దొరకలేదు, మీరు రావాలని అలమేలమ్మ మరీ మరీ చెప్పమంది అన్నాడు. అలమేలు కృష్ణస్వామి భార్య. మొగుడికి జబ్బు చేసినప్పటి నుంచి నంద్యాల నూనెపల్లెలో తమ్ముడి ఇంట్లో ఉంటోంది.

"జొరం ఇంకా తగ్గలే" అన్నాడు రామానుజం.

పదమూడో రోజు ఆయన పొద్దంతా ఇంట్లోనే ఉన్నాడు. వంట చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఎవరూ అడగలేదు కాబట్టి తనకు తాను కూడా సమాధానం చెప్పుకోలేదు.

తర్వాత ధనుర్మాసం వచ్చింది. కోవెలలో పాశురాలన్నీ వరుసగా చెప్పే అధ్యయనోత్సవం వచ్చింది. అందాది చెప్పాల్సిన రోజూ వచ్చింది. ఊరంతా ఎన్నికల గోలలో ఉంది. జీపులు మైకులు కట్టుకుని కోవెల వీధిలో అటూ ఇటూ తిరుగుతున్నాయి. మండపంలో శింగరాచార్యులు అలవాటు కొద్దీ రెండు పీటలూ వేసి, నాలుక కరుచుకుని, రెండోది తీయబోయాడు.

"ఉండనీ" అన్నాడు రామానుజం.

వినడానికి వచ్చింది ఇద్దరు ముసలమ్మలు. రామానుజం గొంతు సవరించుకుని మొదటి పాశురం ఎత్తుకున్నాడు. గొంతు బాగానే పలికింది. చివరి మాటను ఎప్పటిలాగే పొడుగ్గా సాగదీసి, గాలిలో వదిలి, తల ఎత్తి ఎదుటికి చూశాడు.

ఎదుట పీట ఉంది. దాని వెనక సున్నం పెచ్చులూడిన గోడ ఉంది. ఆ నిశ్శబ్దంలోకి బయటి నుంచి మైకు దూరింది. ఎవరికో ఓటెయ్యమంటోంది.

రెండో పాశురం తనే చెప్పాలి. మొదటి మాట తెలుసు. తను ఇప్పుడే వదిలిన మాటే అది. పలికాడు. ఆ తర్వాత ఏమీ రాలేదు. మళ్లీ పలికాడు. రాలేదు. చివరి మాట తెలుసు, ఎందుకంటే తన మూడో పాశురం దానితోనే మొదలు. మొదలు తెలుసు, తుది తెలుసు, మధ్యలో ఏముందో తెలియదు. నాలుగోదీ అంతే, ఆరోదీ అంతే. మనసులోనే గబగబా తడుముకుని చూస్తే, కృష్ణస్వామి చెప్పే పాశురాల్లో ఒక్కటి కూడా తన దగ్గర లేదు. చిన్నప్పుడు గురువు దగ్గర నూరూ నేర్చుకున్న మాట నిజమే. కానీ నలభై ఏళ్లుగా నాలుక మీద ఆడినవే ఉన్నాయి. ఆడనివి ఎప్పుడు జారిపోయాయో తెలియకుండానే జారిపోయాయి.

"సామీ, పుస్తకం తెచ్చేదా?" అన్నాడు శింగరాచార్యులు మెల్లగా. గోష్ఠిలో పుస్తకం తెరవడమంటే రామానుజానికి తల తీసేసినంత పని. ఎంతమంది కుర్రవాళ్లను ఆ మాట మీద ఎన్ని మాటలన్నాడో! తల అడ్డంగా ఊపాడు. ఊపి, మూడో పాశురం ఎత్తుకున్నాడు. తర్వాత ఐదోది. తర్వాత ఏడోది. ప్రతి దాని చివరా అలవాటుగా తల ఎత్తి, పీటను చూసి, దించుకుని, తన వంతులు మాత్రం చెప్పుకుంటూ పోయి ముగించేశాడు. ఆ ఏడు స్వామికి అందాది సగమే ముట్టింది.

ముసలమ్మలు చెంపలేసుకున్నారు. శింగరాచార్యులు తీర్థం ఇచ్చి, "బాగా జరిగింది సామీ. తొందరగా గూడా అయిపాయ" అన్నాడు.

సగం పోతే కనిపెట్టిన దిక్కు లేదు. ఎవరైనా లేచి, ఏందయ్యా ఈ మోసం అని నిలదీసి ఉంటే రామానుజానికి ప్రాణం కొంచెం కుదుటపడేది. నిలదీయగలిగిన ఒక్క మనిషీ కార్తీకంలో పోయాడు. మొదటి తీర్థం అరచేతిలో పోయించుకుని, పోటీకి రెండో చెయ్యి లేని ఆ తీర్థం తాగి, ఆయన ఇంటికి నడిచాడు. జీవితంలో అంత ఒంటరిగా ఎప్పుడూ నడవలేదు. గోదాదేవి పోయిన రోజు కూడా పక్కన మనుషులుండిరి.

మర్నాటి నుంచి ఇంట్లో పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. పండితుడు కదా, చదవడం ఎంతలో పని? అదే రాలేదు. తన పాశురం చెప్పగానే నోరు తనంతట తనే ఆగిపోతుంది. తల లేస్తుంది. ఎదురుగా దండెం మీద ఆరవేసిన పంచె కనిపిస్తుంది. తల దించి పుస్తకంలో రెండోది చదివితే అది పాశురంలా ఉండదు, ఎవరిదో ఉత్తరం చదివినట్టుంటుంది.

పెరటి గోడకు అవతలి ఇల్లు జీవమ్మ టీచరుది. రామానుజం పనిచేసిన బడిలోనే చిన్న తరగతులకు చెబుతుంది. ఒకరోజు గోడ మీదుగా మునక్కాయలు అందిస్తూ ఆమె ఉన్నమాట అడిగేసింది.

"అయ్యవారూ, ఏమనుకోవద్దండి. పొద్దున్నే మీరు చదువుతాంటే వినపడతాది. చదువుతా చదువుతా మధ్యమధ్యలో ఎందుకాగుతారు?"

"మరచిపోయి ఆగుతాలేమ్మా."

"మరచిపోయినట్ల ఉండదే. ఎవురికోసరమో కాచుకున్నట్ల ఉంటాది." ఆమె చీర కొంగుతో చేతులు తుడుచుకుంది. "మా ప్రార్థనలో అయితే, ఆగితే ఆమెన్ అని ఎవురో ఒకరంటారు. మీకెవురూ అనరు గదా, అందుకని అడిగినా."

రామానుజం మునక్కాయలు అట్లే పట్టుకుని పెరట్లో చాలాసేపు నిలబడ్డాడు.

ఎవరికోసం కాచుకుంటున్నాడు? ఇన్నేళ్లూ గోష్ఠిలో తను స్వామి ఎదుట కూర్చున్నానని అనుకున్నాడు. స్వామి పక్కన ఉన్నాడు. ఎదుట ఉన్నది కృష్ణస్వామి. కళ్లు పెట్టుకున్నది కృష్ణస్వామి మీద. సరే, అంత కళ్లు పెట్టుకుని చూసినవాడికి, ఆ మనిషి నోట్లోంచి వచ్చిన పాశురం ఒక్కటైనా చెవికెక్కాలి కదా! నలభై ఏళ్లు, చేయిచాపు దూరంలో, అంత పెద్ద గొంతుతో చెబితే రాయికైనా వచ్చేసి ఉండేది. తనకు రాలేదు. ఎందుకు రాలేదు?

సమాధానం తెలియక కాదు. ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది. కృష్ణస్వామి పాశురం చెబుతున్నంతసేపూ రామానుజం పెదవులు మూసుకుని తన తర్వాతి పాశురం నెమరు వేసుకుంటూ ఉండేవాడు. ఎక్కడ తప్పుతానో, ఎక్కడ వాడి ముందు నగుబాటవుతానో అని భయం. ఆ భయంలో అవతలి పాశురం ఒట్టి చప్పుడు. చివరి మాట కోసం మాత్రం చెవి పెట్టుకునేవాడు. అది వినపడగానే తన వంతు. అంతే. నలభై ఏళ్లలో ఒక్కసారీ వినలేదు.

అక్కడితో ఆగినా బాగుండు. గోదాదేవి మాట్లాడుతుంటే విన్నానా? బడిలో పిల్లవాడు ప్రశ్న అడుగుతుంటే, జవాబు తయారు చేసుకోకుండా ఆ ప్రశ్న విన్నానా? దండం పెట్టుకుని కళ్లు మూసుకున్నప్పుడు, నేను చెప్పుకోవడమే గాని అటు నుంచి ఏమైనా వస్తుందేమోనని ఒక్క క్షణం ఊరుకున్నానా? ఆత్మను తెలుసుకోండి, తెలుసుకోండి అని ఊరందరికీ చెప్పాడు. ఇప్పుడు తెలిసింది. తెలిసినదాన్ని చూస్తే సిగ్గేసింది. భక్తి అనుకున్నది భక్తి కాదు, పోటీ. పోటీదారు పోయాడు. దానితో భక్తీ పోయింది. పూజగదిలో కూర్చుంటే ఎవరిదో ఇంట్లో కూర్చున్నట్టుంది. అటు మనిషీ లేడు, ఇటు దేవుడూ లేడు. ఏకాదశి ఉపన్యాసానికి ఒంట్లో బాగాలేదని కబురు పంపాడు. ఈసారి అది అబద్ధం కాదు.

సంక్రాంతి పోయిన వారానికి రామానుజం నంద్యాల బస్సెక్కాడు. ఎందుకు పోతున్నాడో సరిగ్గా తెలియదు. పరామర్శకు పోయే వేళ ఎప్పుడో దాటిపోయింది. కృష్ణస్వామి పాశురం ఎట్లా చెప్పేవాడో ఆ ఇంట్లో ఎవరినైనా అడగాలని ఒక పిచ్చి ఆలోచన. శిరివెళ్ల దాటాక బస్సులో జనం పలచబడ్డారు. పక్క సీటు ఖాళీ అయింది. చిన్నప్పుడు గురువు వెంట ఎగువ అహోబిలం ఎక్కుతుంటే తనకు ఆయాసం వచ్చి కూలబడడం, కృష్ణస్వామి ఇద్దరి మూటలూ నెత్తిన పెట్టుకుని "లేయ్ రా రామూ, గురువు చూస్తే తిడతాడు" అని చెయ్యి పట్టి లాగడం గుర్తొచ్చాయి. రామూ అని పిలిచినవాడు వాడొక్కడే. కిటికీ వైపు తిరిగి, దుమ్ము పడినట్టుగా కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు.

నూనెపల్లెలో ఇల్లు కనుక్కునేసరికి మధ్యాహ్నమైంది. అలమేలు వసారాలో మోదుగాకులతో విస్తళ్లు కుడుతోంది. మనిషి సగమైపోయింది. తలెత్తి చూసి, లేవకుండానే అంది.

"రాండి సామీ. జొరం తగ్గిందా?"

కార్తీకంలో చెప్పిన జ్వరం! రామానుజం చెప్పులు విడిచి అక్కడే నిలబడిపోయాడు.

"తగ్గలేదమ్మా. అది నిజమైన జొరమే. అప్పుడు నాకే తెల్లేదు."

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. చూసి, ఆకులు పక్కకు జరిపి చాప వేసింది. మంచినీళ్లు తెచ్చిచ్చింది. మళ్లీ ఆకులు ముందుకు లాక్కుని, పుల్ల గుచ్చుతూ, తగ్గిన గొంతుతో మాట్లాడింది.

"పదమూడో దినం రెండు పీటలేసి కాచుకున్నాం. ఆయనదొకటి, మీదొకటి. రాకపోతిరి. ఎవురో పుస్తకం తెచ్చి నాలుగు ముక్కలు చదివి దచ్చిణ తీసుకోని పాయిరి."

"తప్పే అలమేలమ్మా."

"తప్పని నేననల్యా. జరిగింది చెప్తాండా, అంతే."

కుట్టడం అయిన విస్తరిని ఆమె తీసి పక్కన పెట్టింది. ఆ తర్వాత రామానుజం అడగాలనుకున్నది అడిగాడు. "వాడు ఇంట్లో పాశురాలు అనుకునేవాడా? ఒక్కడే ఎట్ల చెప్పుకునేవాడు?"

"ఒక్కరే యాడ? ఇద్దరు గదా!" అంది అలమేలు. మొదటిసారి ఆమె పెదవి మీద నవ్వులాంటిది కదిలింది. "తన పాశురం తన గొంతుతో చెప్తాండె. మీది మీ గొంతుతో చెప్తాండె. రెండూ ఆయనే."

"నావి వానికి వచ్చా?"

"రాకుంటే? రోజూ వింటాండె గదా." ఆమె అంత మామూలుగా అనేసింది. "చివరాఖర్న మీరు సాగదీస్తారు సూడండి, అట్లే సాగదీస్తాండె. నేను నవ్వుతా, ఏందీ, పెద్దాయన్ను ఎగతాళి చేస్తారు అంటే, ఎగతాళి గాదే అలమేలూ, నాకు ఆయాసం గదా, వాడట్ల సాగదీస్తేనే నేను ఊపిరి తీసుకోని నాది ఎత్తుకునేది, మాటల్లేకపోయినా వాడు నాకోసరమే సాగదీస్తాడు సూడు, అని అంటాండె."

రామానుజం సాగదీసింది ఊపిరి ఎంత పొడుగో నలుగురికీ చూపడానికి. నా అంత సేపు నువ్వు పట్టగలవా అని ఎదుటివాడికి సవాలు విసరడానికి. దాన్ని ఆ పిచ్చివాడు తనకు చేసిన ఉపకారంగా తీసుకున్నాడు. తీసుకుని, ఇంటికి పోయి పెళ్లానికి చెప్పుకున్నాడు.

"ఆసుపత్రిలో ఇంక ఊపిరి చాలకపాయ" అంది అలమేలు. "తనవి వదిలేసె. మీవే చెప్తాండె, మెల్లగా. అదేంది, మీ సొంతవి చెప్పుకోండి, పుణ్యమొస్తాది అని నేనంటే, నాది నేను ఎప్పుడూ చెప్తానే ఉంటి, వానిది వింటా అనె."

"నన్ను పిలిపించి ఉండచ్చు గదమ్మా! మాట పంపితే..." అన్నాడు రామానుజం. పిలిచినా తను వచ్చి ఉండేవాడు కాదని అంటుండగానే తెలిసి, మాట మింగేశాడు.

"పిలుస్తానంటి. వద్దనె." ఆమె ఆకు మీద నుంచి చూపు తిప్పలేదు. "ఇప్పుడు పిలిస్తే పంతానికి రాడు. గోష్ఠికి వస్తాడు. దానికి మటుకు రాకుండా ఉండడు, వాడు, అనె."

గోష్ఠికి వస్తాడు. అంటే పదమూడో రోజుకు. అంత నమ్మకంతో పోయాడు. రామానుజం చాప మీద అట్లే వంగిపోయి మొహం రెండు చేతుల్లో పెట్టుకున్నాడు. ముసలివాడు ఏడుస్తుంటే చూడలేక అలమేలు లోపలికి వెళ్లింది. తిరిగి వచ్చేటప్పుడు ఆమె చేతిలో ఒక పీట ఉంది. దాన్ని వసారాలో ఉత్తరం వైపు గోడకు చేర్చి వేసింది.

"ఆయనదే" అంది. "వచ్చినారు గదా, చెప్పండి. ఆలిస్యమైతే ఏం."

"నాకు సగమే వచ్చమ్మా. వానివి రావు. ఇన్నేళ్లూ నేను..." ఆపైన చెప్పలేకపోయాడు. "నేను వినలేదు."

అలమేలు ఆశ్చర్యపోలేదు. కోపం చేసుకోలేదు. కాస్త ఆలోచించి అంది.

"నాకూ రావు సామీ. రెండోదొక్కటి వచ్చు. ఆయన దినామూ స్నానం చేస్తా గొంతు తెరిచేది దాంతోనే. ఆడదాన్ని, నేను చెప్పచ్చునో లేదో."

"ఈడ ఎవరున్నారమ్మా కాదనేదానికి. చెప్పు."

ఆయన పీటకు ఎదురుగా జరిగి కూర్చున్నాడు. మొదటి పాశురం ఎత్తుకున్నాడు. గొంతు వణికింది, అక్కడక్కడా పలకలేదు. చివరి మాటను సాగదీశాడు. ఈసారి నిజంగానే అవతలివాడి ఊపిరి కోసం సాగదీశాడు, ఇంక తన ఊపిరి చాలక ఆగిపోయిందాకా. తల ఎత్తి ఎదుటికి చూశాడు.

పీట పక్కన గోడకు ఆనుకుని అలమేలు అందుకుంది. రాగం లేదు. అర్థం తెలియని అరవం మాటలు, మొగుడి నోట విని విని పట్టుబడినవి, ఆయన ఎక్కడ ఆయాసంతో ఆగేవాడో అక్కడే ఆగుతూ, ఎక్కడ నీళ్లు పోసుకుంటూ విరిచేవాడో అక్కడే విరుస్తూ చెప్పింది. రామానుజం విన్నాడు. మొదటి మాట తర్వాత ఏముందో, ఆ మధ్యలో ఏముందో, ఒక్కొక్క మాటే విన్నాడు. తన తర్వాతి పాశురం గురించి తలంపే రాలేదు. ఆ పాశురంలో ఒక జీవుడు తనకు తోడుగా ఉన్నవాణ్ణి ఇన్నాళ్లూ గుర్తుపట్టనందుకు బాధపడుతున్నాడు. అది అక్కడ ఉందని ఆయనకు చిన్నప్పుడు తెలుసు.

అలమేలు చివరి మాట చెప్పి ఆగింది. ఆమె కాసేపు చూసి, "మీ వంతు సామీ" అంది.

రామానుజం నోరు తెరిచాడు. ఆమె వదిలిన మాట పట్టుకుని పలికాడు. ఆ తర్వాత రాలేదు. నలభై ఏళ్లుగా నిద్రలో లేపి అడిగినా చెప్పే మూడో పాశురం, ఎంత వెతికినా దొరకలేదు. జీవితంలో మొదటిసారి గోష్ఠిలో ఆయన తన వంతు పాశురం తప్పాడు. చూసి నవ్వడానికి ఎదుట ఎవరూ లేరు.

ఆయన పీట వైపు కొంచెం వంగి, "తప్పిందిరా కిష్టా" అన్నాడు. పదేళ్ల పైచిలుకు తర్వాత కృష్ణస్వామితో ఆయన అన్న మొదటి మాట అది.